బాటిల్ ఎందుకని అడిగే మనిషి

మా ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో దుప్పట్లు వెచ్చబెట్టే బీరువా ఒకటి ఉంది. పొద్దున్నే దాని తలుపు తీస్తే వేడెక్కిన నూలు వాసన గుప్పున ముఖానికి కొడుతుంది, అప్పుడే ఇస్త్రీ చేసిన పంచె మడత విప్పినట్టు. రాజపాళయంలో తిరిగేవాళ్ళకు నూలు వాసనేమీ కొత్త కాదు. తమిళనాట తెలుగువాళ్ళున్న మిల్లుల ఊరు, గాజుగుడ్డ నేసే ఊరు. షిఫ్టు దిగి టౌన్ బస్సెక్కే ఆడవాళ్ళ జడల్లో పువ్వుల కంటే దూదే ఎక్కువ కనిపిస్తుంది. కానీ ఆ బీరువా వాసన మాత్రం నాకు ఒకే మనిషిని గుర్తుచేస్తుంది. రుక్మిణి డాక్టరమ్మ. మత్తు డాక్టరు. దుప్పటి వెచ్చగా లేకుంటే ఆపరేషన్ మొదలుపెట్టనిచ్చేవారు కారు. చలికి వణికే ఒంట్లో రక్తం గడ్డకట్టడం మరిచిపోతుంది, కారుతూనే ఉంటుంది అని ఆమె చెప్పేవరకూ, దుప్పటి మర్యాద కోసం కప్పుతారనే నేను అనుకునేదాన్ని.

పోయిన వానాకాలంలో ఆమె పోయారు. నిద్రలోనే, ఎవరికీ పని పెట్టకుండా. ఆమెను ఎరగని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎరిగినవాళ్ళకు నేను చెప్పవలసిందేమీ లేదు, వాళ్ళలో సగం మంది ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్ళే. మొదటి రోజే తిన్నదాన్ని నేను. నర్సు చదువు ముగించి కొత్తగా చేరాను. ఒక పెద్దాయనకు తుంటి ఆపరేషన్. సర్జన్ గారు రెండు బాటిళ్ళు రక్తం తెచ్చి పెట్టమన్నారు. నేను వరండాలో పరుగులాంటి నడకతో పోతుంటే, ఎదురుగా పొట్టిగా, నీలం నూలుచీర మీద తెల్లకోటు వేసుకున్న ఒకావిడ నిలబడ్డారు.

"ఎక్కడికమ్మా అంత తొందరగా?"

"బ్లడ్ బ్యాంకుకు మేడమ్. రెండు బాటిళ్ళు."

"ఎందుకు?"

"ఆపరేషన్ గదా మేడమ్."

"ఆపరేషన్‌కు కత్తి కావాల. రక్తం ఎందుకు?"

తడుముకుని, "ఎప్పుడూ ఎక్కిస్తారు గదా" అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎప్పుడూ అనేది జబ్బు పేరా, మందు పేరా?" అన్నారు. తర్వాత ఒకటి వెనక ఒకటి అడిగారు. ఆ మనిషికి రక్తం తక్కువుందా? రిపోర్టు చూసినావా? ఎంత పోతుందని లెక్క? పోకుండా ఏమి చేస్తా ఉన్నారు? నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె అది చూసి విసుక్కున్నారు. "ఏడవద్దు. ఈ ఊళ్ళో ఏమైనా అడిగితే కోపం అనుకుంటారు. నేను అడిగింది కోపంతో కాదు, తెలుసుకునేదానికి. పో, రిపోర్టు చూసి రా." చూసి వచ్చాను. పెద్దాయనకు రక్తం బాగానే ఉంది. బాటిళ్ళు బ్లడ్ బ్యాంకులోనే ఉండిపోయాయి, ఆయన కర్ర పట్టుకుని నడిచి ఇంటికి పోయాడు.

ఊళ్ళో ఒక మిల్లు వాళ్ళ ఇంటి ఆడబిడ్డ ఆమె. చెన్నైలో చదివి, అక్కడే ఉండగలిగీ తిరిగి వచ్చినావిడ. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పాత కారు ఒకటి తనే నడిపేవారు, ఎంత అధ్వాన్నంగా నడిపేవారంటే ఆ హారన్ వింటే షేర్ ఆటోలవాళ్ళు తమంతట తామే పక్కకు తప్పుకునేవారు. మా ఆస్పత్రిలో రక్తం పొదుపు పని మొదలుపెట్టింది ఆమే. బోర్డు మీద పెద్ద ఇంగ్లీషు పేరుంది, మేమందరం అనేది మాత్రం రక్తం పొదుపు అనే. పొదుపంటే పిసినారితనం అనుకునేరు. ఆమె లెక్క వేరు. "రక్తమంటే ఇంకో మనిషి ఒంట్లోని ముక్క. కిడ్నీ పెట్టేముందు ఎంత యోచన చేస్తారు? ఇదీ అట్లాంటిదే. బాటిల్‌లో ఉంది గనుక షర్బత్ అనుకుంటా ఉన్నారు" అనేవారు.

అందుకని ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే రోగిని పిలిచి రక్తం చూడటం, తక్కువుంటే ఇనుము మందులిచ్చి పెంచాకనే కత్తి పట్టనివ్వడం. రక్తం గడ్డకట్టేలా చేసే మందు ముందే ఇవ్వడం. తడిసిన గాజుగుడ్డల్ని పారేయకుండా తూచడం, ఎంత పోయిందో తెలియాలి గనుక. ఒక బాటిల్ ఎక్కిస్తే ఆగి చూసి, కావాలంటేనే రెండోది. పరీక్షలకని రోజూ సిరంజి నిండా రక్తం తీసే మా అలవాటు మీద ఆమెకు తగని మంట. "పొద్దున మీరు తియ్యాల, సాయంత్రం బాటిల్ ఎక్కించాల. ఓటి కుండకు నీళ్ళు పోసే పని ఇది" అని చిన్న గొట్టాలు తెప్పించారు. పెద్ద డాక్టర్లు మొదట్లో ఆమెను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ అన్నట్టు ఆమె అడుగుతూనే పోయారు.

ఒకటి మాత్రం చెప్పాలి, లేకుంటే ఆమెను తప్పుగా అనుకుంటారు. తెన్‌కాశి రోడ్డులో ఒకసారి వ్యాను బోల్తా పడి, కాలు నుజ్జయిన కుర్రవాణ్ణి తెచ్చారు. ఆ రోజు నేను అలవాటు కొద్దీ రిపోర్టు కోసం వెతుకుతుంటే నా చెవి పగిలేలా అరిచారు: "రిపోర్టు ఏమిటి రిపోర్టు! మనిషి పోతా ఉన్నాడు, రక్తం పట్టుకురా, ఎంత ఉంటే అంత!" తానే బాటిల్ వేలాడదీసి, తానే చేత్తో పిండారు. వాడు బతికాడు. తర్వాత చేతులు కడుక్కుంటూ, "ఎందుకు అని అడగమన్నాను. వద్దు అని చెప్పమనలేదు" అన్నారు. ఈ రెంటికీ ఉన్న తేడా నాకు ఆ రోజు తెలిసింది.

ఇక మా జనం సంగతి చెప్పాలి. డాక్టర్లనైనా ఆమె ఒప్పించగలిగారు గానీ, మా జనంతో చాలా పడ్డారు. మా వైపు పెళ్ళిళ్ళలో మొయి అని ఉంది. చుట్టాలందరూ చదివింపులు చదివిస్తారు, వాళ్ళింట్లో పెళ్ళయితే మనం తిరిగి చదివించాలి, మరిచిపోతే మాటలు ఆగిపోతాయి. ఆస్పత్రిలో రక్తం కూడా మాకు అట్లాంటిదే అయింది. ఎవరికైనా ఆపరేషన్ అంటే చాలు, పంగాళీలందరూ, అంటే అన్నదమ్ముల వరస వాళ్ళు, వ్యాను మాట్లాడుకుని దిగిపోతారు. చొక్కా చేతులు మడిచి వరసగా కూర్చుంటారు. ఎవరి రక్తం ఎక్కిందో ఊళ్ళో అందరికీ తెలుస్తుంది, మనవళ్ళ కాలం దాకా తెలుస్తుంది. బాటిల్ వేలాడకపోతే అసలు వైద్యమే జరగలేదని లెక్క. "మా అత్తకు ఒక్క బాటిల్ కూడా పెట్టలేదు, గమనించకుండా వదిలేసినారు" అని సేత్తూరు నుంచి వచ్చిన ఒకాయన డాక్టరమ్మతో తగువు పెట్టుకున్నాడు. ఆమె తాపీగా, "మీ ఇల్లు బాగుంటే కొత్త ఇటికెలు తెచ్చి గోడలోకి దూరుస్తారా?" అని అడిగారు. ఆయన తల గోక్కుని పోయాడు గానీ ఒప్పుకుని పోలేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ, మా ఇంటి సంగతి చెబుతాను. నేను పుట్టినప్పుడు మా అమ్మ రామలక్ష్మికి రక్తం ఆగలేదట. మా నాయన అన్న, మా పెద్దనాయన వెంకటసామి, చోళపురంలో చేలో నీళ్ళు కడుతున్నవాడు మట్టికాళ్ళతోనే సైకిలెక్కి వచ్చి రక్తమిచ్చాడు. అమ్మ బతికింది, నాకు తల్లి దక్కింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు నాయన పోయాడు. పెద్దనాయనే మమ్మల్ని చూసుకున్నాడు. మనిషి మంచివాడు, అందులో సందేహం లేదు. నాకు జ్వరమొస్తే భుజాన వేసుకుని బస్టాండుకు నడిచినవాడు. కానీ ఒక మాట ఉండేది ఆయనకు. అమ్మ ఏదైనా కాదంటే, "నా రక్తం పారే ఒళ్ళు అది, నాకే ఎదురు చెబుతుందా?" అనేవాడు. కోపంగా కూడా కాదు, నవ్వుతూనే, పదిమందిలో. అంతే, అమ్మ నోరు మూతపడేది. మా చేలో ఏం వేయాలో ఆయనే చెప్పాడు. నర్సు చదువు వద్దన్నదీ ఆయనే, తర్వాత తీసుకుపోయి చేర్చిందీ ఆయనే. రెండుసార్లూ అమ్మ తలుపు పక్కన నిలబడి తలూపింది. బతికించినవాడితో వాదించడం ఎట్లా? ఏం చెప్పమంటారు, ఆ మాట వినపడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆయన మీద ప్రేమ కూడా ఉండటంతో ఇంకా మండేది.

నేను ఆస్పత్రిలో చేరిన కొన్నాళ్ళకు అమ్మ పాలిపోవడం మొదలైంది. నెలనెలా విపరీతంగా పోతోంది, ఎవరికీ చెప్పలేదు. గడప దాటితే ఆయాసం. తీసుకువచ్చి చూపిస్తే గర్భసంచిలో గడ్డలు, ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు. రక్తం మాత్రం భయపడేంత తక్కువుంది. పెద్దనాయనకు తెలిసిన మర్నాడే ఆయన కొడుకులిద్దరూ, ఇంకా పంగాళీలూ వ్యానులో దిగారు. అందరూ అమ్మ గ్రూపువాళ్ళే. అయినా ఒక్కరి రక్తమూ అమ్మ రక్తంతో కలవలేదు. పరీక్ష చేసిన ప్రతిసారీ విరిగింది. రుక్మిణి డాక్టరమ్మ నమూనాను మదురైలోని పెద్ద బ్లడ్ బ్యాంకుకు పంపారు. వాళ్ళూ అదే చెప్పారు. ఈమె ఒంట్లో వేరేవాళ్ళ రక్తాన్ని విరిచే గుణం తయారై ఉంది, సరిపోయేది దొరకడం కష్టం, వెతికి చూస్తాం, దొరికితే ఒకటి దొరకవచ్చు అని.

డాక్టరమ్మ ఆపరేషన్ వాయిదా వేశారు. రక్తం పోకుండా మాత్రలు, ఇనుము మాత్రలు, పైగా నరంలోకి ఇనుము మందు, కొన్ని వారాలు ఆగుదామన్నారు. పెద్దనాయన ఆస్పత్రి గేటు దగ్గరే నిలబడి గొంతెత్తాడు. "ఒక ఇంటి రక్తం ఆ ఇంటి మనిషికి కలవదంటే ఏమి అర్థం? ఊళ్ళో వింటే నవ్వుతారు. ఆ రోజు నాది కలిసింది, ఈ రోజు నా బిడ్డలది కలవదా? మిల్లు వాళ్ళ డాక్టరమ్మకు మా రక్తం పనికిరాలేదా?" వేరే ఊళ్ళో ఎవరో వెంటనే చేస్తామన్నారట, రక్తం సంగతి వాళ్ళే చూసుకుంటారట. మర్నాడే తీసుకుపోతానన్నాడు. అమ్మను అడిగాను. "బావ ఎట్లంటే అట్లా" అంది, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ.

సరిగ్గా చూడకుండా, కలవని రక్తం ఎక్కిస్తే ఏమవుతుందో నర్సుగా నాకు తెలుసు. కూతురిగా ఆ ఊహే తట్టుకోలేకపోయాను. పోయి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టి, "బండి ఎక్కు" అన్నారు. చోళపురం దాకా ఆమె పక్కన కూర్చుని ప్రయాణం చేసినందుకే నాకు ఒక బాటిల్ ఎక్కించాల్సింది, అంత భయపెట్టి నడిపారు.

పెద్దనాయన మా ఇంటి అరుగు మీదున్నాడు, అమ్మ కూడా అక్కడే. కారు చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు. మర్యాదకు లోటు చేసే మనిషి కాదు.

"డాక్టరమ్మా, మా గడప తొక్కినారు, సంతోషం. ఒకటే అడుగుతాను. అప్పుడు కలిసిన రక్తం ఇప్పుడెట్లా కలవకుండా పోయింది?"

"అప్పుడు కలిసినందువల్లనే కావచ్చు అయ్యా."

పెద్దనాయనకు అర్థం కాలేదు. ఆమె కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని నిదానంగా చెప్పారు. "మొదటిసారి వేరే మనిషి రక్తం లోపలికి వచ్చినప్పుడు ఒళ్ళు ఊరికే ఉంటుంది. అయితే గుర్తు పెట్టుకుంటుంది. మళ్ళీ అట్లాంటిదే వస్తే ఊరుకోదు, పాలు విరిచినట్టు విరిచేస్తుంది. ఒంట్లో రక్తం విరిగితే మనిషి దక్కదు. మీ బిడ్డల రక్తం చెడ్డది కాదు. ఈమె ఒళ్ళు మరిచిపోలేదు, అంతే."

"నా రక్తం వల్లనా?"

"మీరిచ్చినదాని వల్ల కావచ్చు. ఈ పిల్లను మోసి కన్నందువల్లా కావచ్చు. రెంటిలో ఏదని ఎవరూ చెప్పలేరు."

పెద్దనాయన తల తిప్పి నావైపు చూశాడు, కుండలో పెరుగు నేనే తాగేసినట్టు. "అయ్యో, నన్నెందుకు చూస్తావు పెద్దనాయనా, నేనప్పుడు కళ్ళు కూడా తెరవలేదు!" అన్నాను. డాక్టరమ్మ పెద్దగా నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి ఆగిపోయాడు. తర్వాత ఆయన గొంతు నేనెప్పుడూ విననంత తగ్గిపోయింది.

"అట్లయితే ఆ రోజు నేనిచ్చింది తప్పా తల్లీ?"

"ఆ రోజు మీరు ఇవ్వకుంటే ఈమె లేదు. తప్పు ఎక్కడినుంచి వచ్చింది? ఆ రోజుకు అది సరి. ఈ రోజుకు ఇది సరి."

"ఇప్పుడు నేనేమి చెయ్యాల?"

"ఆగాల."

"అంతేనా?"

"అంతేనా అంటారా? రక్తమిచ్చేది సులభం, చెయ్యి చాపితే అయిపోతుంది. మీ మాదిరి మనిషికి ఆగేది కష్టం."

అమ్మ ఎప్పటిలాగే తలుపు పక్కన నిలబడి ఉంది, పాలిపోయిన ముఖంతో. డాక్టరమ్మ అటు తిరిగి, "నీకేమి తోస్తుందమ్మా? ఒళ్ళు నీది" అన్నారు. అమ్మ పెద్దనాయన వైపు చూసి, "బావ ఎట్లంటే..." అని మొదలుపెట్టింది. "బావను అడిగేసినాను. ఇప్పుడు నిన్ను అడుగుతా ఉన్నాను." మా ఇంట్లో అమ్మను ఎవరూ అట్లా అడగలేదు, నేను కూడా అడగలేదు. అమ్మ, "ఆగుతాను" అంది. ఎంత మెల్లగా అంటే, డాక్టరమ్మ మళ్ళీ చెప్పించుకున్నారు.

ఆ వారాలు పెద్దనాయన ఎట్లా గడిపాడో చెబితే నవ్వొస్తుంది. ఇనుము మాత్ర వేసుకునేటప్పుడు టీ కాఫీలు తాగితే మందు ఒంటికి పట్టదని డాక్టరమ్మ పోతూ పోతూ ఒక మాటన్నారు. అంతే, ఆయన మా ఇంటికి టీపొడి రాకుండా చేశాడు. మా ఇంట్లోనే కాదు, అమ్మ కూర్చుని మాట్లాడే పక్కింట్లో కూడా. వాళ్ళొచ్చి, "ఏమి జయా, మీ పెద్దనాయన మా పొయ్యి కాడ కాపలా ఉన్నాడు" అని నాతో మొరపెట్టుకున్నారు. ఇనుము మందు ఎక్కించే రోజు ఆయనే మోటర్‌సైకిల్ మీద అమ్మను తీసుకువచ్చేవాడు. డికాషన్ రంగులో ఉన్న ఆ మందు గొట్టంలో చుక్కచుక్కగా దిగుతుంటే మంచం పక్కన కూర్చుని చూసేవాడు. "ఇది ఎవరిదీ కాదా?" అని నన్ను ఒకసారి అడిగాడు. "ఎవరిదీ కాదు పెద్దనాయనా, మందు" అన్నాను. అమ్మ ముఖంలోకి మెల్లమెల్లగా రంగు వచ్చింది. గోళ్ళు ఎర్రబడ్డాయి. ఒకరోజు నేనింటికి పోయేసరికి చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తోంది, ఆయాసం లేదు. గోడకానుకుని కాసేపు చూస్తూ నిలబడిపోయాను, ఏడుపొచ్చింది.

ఆపరేషన్ రోజు నన్ను థియేటర్‌లోకి రానివ్వలేదు. "లోపల నీ కంటే మంచి చేతులున్నాయి, బయట కూర్చో" అన్నారు డాక్టరమ్మ. మదురైలో ఎట్టకేలకు ఒకే ఒక్క బాటిల్ దొరికింది, తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టారు. ఎంత వద్దన్నా పెద్దనాయన కొడుకుల్ని వెంటబెట్టుకుని వ్యానులోనే వచ్చాడు. "ఊరికేలే, తోడుకు" అన్నాడు. బల్ల మీద నా పక్కన కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆ ఒక్క బాటిల్ చాలకపోతే ఇంకోటి లేదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తలుపు ఊగినప్పుడల్లా ఇద్దరం లేచి నిలబడ్డాం. మా ఊరి అమ్మవారికి ఏమేమి మొక్కుకున్నానో, అన్నీ తీర్చానో లేదో ఇప్పటికీ తెలియదు.

డాక్టరమ్మ మాస్క్ కిందికి లాగుకుంటూ వచ్చారు. "అయిపోయింది. బాగుంది."

పెద్దనాయన, "బాటిల్ చాలిందా?" అన్నాడు.

"దాన్ని తెరవనే లేదు. ఇంకెవరికన్నా పనికొస్తుంది."

పెద్దనాయన కూర్చుండిపోయాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి, సంతోషమే. అయినా ముఖం మాత్రం వడ్డించిన ఆకు ముందునుంచి చుట్టాలు లేచిపోయినట్టుంది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆ రోజు ఆయన మీద నాకు కోపం లేదు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ చూడటానికి వచ్చినప్పుడు అమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతికున్న గొట్టం కూడా తీసేశారు. అమ్మ ఆ చేతినే తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"డాక్టరమ్మా, ఒకటి అడగాల."

"అడుగు."

"ఈసారి ఎవరి రక్తం ఎక్కించినారు?"

"ఎవరిదీ లేదమ్మా."

"కొంచెం కూడానా? నేను నిద్రలో ఉన్నాను, నాకు తెలీదు. ఎవరిదని చెప్పండి. రేపు వాళ్ళెదట ఎట్లా ఉండాలో తెలియాల గదా."

డాక్టరమ్మ జవాబు కోసం వెతుక్కోవడం నేను చూసింది అదొక్కసారే. మంచం అంచున కూర్చుని అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. "ఒక్క చుక్క కూడా లేదు. ఈ ఒంట్లో ఇప్పుడుండేది అంతా నీదే. నీవు తిని, నీవు ఆగి, నీవు చేసుకున్నది." అమ్మ, "అంతా నాదేనా?" అంది. ఇంకోసారి అంది. తర్వాత నవ్వింది, కుట్లు లాగి అమ్మా అని పొట్ట పట్టుకుంది, మళ్ళీ నవ్వింది. అమ్మ పళ్ళు కనపడేలా నవ్వుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంటికి పంపే రోజు పెద్దనాయన అన్నీ సిద్ధం చేసుకుని వచ్చాడు. "మా ఇంటికి తీసుకుపోతాను. పెద్దమ్మ చూసుకుంటుంది. ముందు గది ఖాళీ చేసినాము. అక్కడనే ఉండనీ కొన్ని నెలలు" అని నాతో అన్నాడు, అమ్మ అక్కడ లేనట్టే. డాక్టరమ్మ గుమ్మం దగ్గర ఇంకో రోగి రిపోర్టు చూస్తున్నారు.

"లేదు బావా," అంది అమ్మ. "నేను మా ఇంటికే పోతాను."

పెద్దనాయన తిరిగి చూశాడు. నోరు తెరిచాడు. ఆ మాట ఆయన పెదాల దాకా వచ్చిందని నాకు తెలిసిపోయింది, పుట్టినప్పటినుంచి విన్నదాన్ని. "నా..." అన్నాడు. ఆగాడు. అమ్మ చూపు దించుకోలేదు. ఆయన సంచి తీసి భుజానికి తగిలించుకుని, "సరి. ఎండ ఎక్కక ముందే పోదాం" అన్నాడు. వ్యానులో తన తువ్వాలు మడిచి అమ్మ వీపు వెనక పెట్టాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఆ మాట మళ్ళీ అనలేదు. వాళ్ళిద్దరూ చాలాసార్లు పోట్లాడుకున్నారు, చేను గురించి, నా పెళ్ళి గురించి. మంచి పోట్లాటలే. రెండు మూడింట అమ్మే గెలిచింది.

ఆ రోజు నేను వరండాలో డాక్టరమ్మ వెంట పడ్డాను. "మేడమ్, విన్నారా, అమ్మ ఏమన్నదో?" ఆమె నడక ఆపలేదు. "విన్నాను. బరువులు ఎత్తనివ్వద్దు. మళ్ళీ వచ్చి రక్తం చూపించమను" అన్నారు. అంతే. పొగడ్తకు ఆమె దగ్గర ఎప్పుడూ తీరిక ఉండేది కాదు.

ఇప్పుడు ఆ రక్తం పొదుపు పని నేను చూస్తున్నాను. బాటిల్ కావాలని ఎవరడిగినా ఎందుకని అడుగుతాను. కొత్త పిల్లలు రిపోర్టులోని అంకె చెబుతారు, అది సరైన జవాబే, అది నేనూ చూస్తాను. చూశాక, తలుపు అద్దంలోంచి బయట బల్ల మీద చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నవాళ్ళ వైపు కూడా ఒకసారి చూస్తాను. వాళ్ళు మంచివాళ్ళే, ప్రేమతోనే వచ్చారు. ప్రాణం పోయేలా ఉంటే నేనే పరిగెత్తి ఆ చేతులు చాపించుకుంటాను, అందులో ఆలోచనే లేదు. అవసరం లేకపోతే మాత్రం, లోపల ఆపరేషన్ బల్ల మీద పడుకున్న ఆ మనిషి తన రక్తంతోనే ఇంటికి పోవాలి.